జర్మనీ ఊట నీళ్ల సీసా

చిక్కడపల్లిలో ముప్పై ఏళ్లు కాపురమున్న కిరాయి ఇల్లు ఖాళీ చేసి, అశోక్ నగర్‌లో రెండు గదుల ఫ్లాట్‌కి మారాం. మారింది కాస్త దూరమే. నా ఒంట్లో ఓపిక మాత్రం ఆ కాస్త దూరానికే అయిపోయింది.

సామానులో అసలు తగువు నా సీసాల దగ్గర వచ్చింది. ఆదివారాలు పాత సామాన్ల అంగళ్లలో ఏరుకొచ్చిన పదకొండు సీసాలు. ఊరగాయ జాడీల్లాంటి గట్టి మట్టివి, గోధుమరంగువి. ఒకప్పుడు జర్మనీలో ఊటల దగ్గర వీటిలో నీళ్లు నింపి, బిరడా బిగించి, కడుపునొప్పికి మందని ఓడలకెక్కించి అమ్మేవారు. దొరలు తాగి పారేసిన సీసాల్లో మనవాళ్లు ఆముదం పోసుకున్నారు. నావి పది ఖాళీవే. పదకొండోది మాత్రం బిరడాతో, నీళ్లతో సహా దొరికింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ దాన్ని ఊపి వినిపించేవాణ్ణి. తీస్తే విలువ పోతుందని బిరడా ఏనాడూ ముట్టుకోలేదు.

ట్రాలీ ఆటో అతను విసుక్కున్నాడు. "ఏంది సార్, గీ ఖాళీ బుడ్లు గూడ ఎక్కించాల్నా? జాగ లేదు."

వాదించే ఓపిక లేక పదీ అక్కడే వదిలేశాను. పదకొండోది చంకన పెట్టుకుని, ఇది ఖాళీది కాదు, ఇందులో నూరేళ్లనాటి నీళ్లున్నాయని అతనికి చెప్పబోయాను.

మోకాళ్లు పట్టేసి మెట్ల మీద కూర్చున్న మా ఆవిడ తలెత్తింది. "అవి మన నల్లా నీళ్లేనండీ. కుండకు పట్టినట్టే దానికీ చెమ్మ పట్టేది. తెచ్చిన రెండో ఏడే ఎండిపోయింది. ఏటా కొత్త కుండ నింపిన రోజున దాంట్లోనూ పోసేదాన్ని. మీరు ఊపుకుంటారు కదా అని."

కోపం వచ్చింది. ఎంతమంది ముందు వెర్రివెంగళప్పనయ్యానో. సీసా విసిరికొట్టాలనిపించింది. దానికీ ఓపిక లేకపోయింది.

ఈ ఎండాకాలానికి ఆవిడ మంచం దిగలేని స్థితికి వచ్చింది. నారాయణగూడ నుంచి కొత్త కుండ నేనే తెచ్చి, కడిగి, నింపాను. అలమారా మీది సీసా ఊపితే చప్పుడు లేదు. మొదటిసారి బిరడా తీసి, మూతి దాకా నీళ్లు పోశాను.

"నిండా పొయ్యకండి," అంది మంచం మీంచి. "నిండితే చప్పుడు రాదు."

సగం వంపేసి, బిరడా బిగించి, ఆవిడ చెవి దగ్గర ఊపాను.