అమ్మ గుండెలో మేలుకున్న స్వామి

మొన్న సికింద్రాబాద్ వెళ్లే లోకల్ రైల్లో ఒక డాక్టరమ్మాయి తెల్లకోటు ఒళ్లో పెట్టుకుని కూర్చునే నిద్రపోతోంది. నాకు అమ్మ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు అమ్మ గుండెజబ్బుల వైద్యంలో పై చదువు చదివేది. రాత్రంతా ఆసుపత్రిలో ఉండి, పొద్దున వచ్చి పడుకునేది. సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే బస్తీలోని మా ఇంట్లో పగలు కూడా కర్టెన్లు మూసే ఉండేవి. నేను నోరు తెరిస్తే చాలు, నాయనమ్మ వంటింట్లోంచి, "సప్పుడు చెయ్యకు బిడ్డా, అమ్మ పండుకున్నది" అనేది.

ఒక శనివారం భజనలో పంతులుగారు, దేవుడు అందరి గుండెల్లో ఉంటాడని చెప్పారు. మందిరంలో స్వామి మేలుకున్నాక తలుపులు తెరుస్తారని నాకు ముందే తెలుసు. మర్నాడు నిద్రపోతున్న అమ్మ గుండెమీద చెవి పెట్టాను. లోపల చప్పుడు వినిపించింది. స్వామి లేచాడు, మరి అమ్మ ఎందుకు లేవదు? దేవుడి గూట్లోంచి గంట తెచ్చి గట్టిగా మోగించాను.

అమ్మ ఉలిక్కిపడి లేచింది. "ఏందే బిడ్డా!"

"నీ లోపల స్వామి లేచిండమ్మా. నువ్వు సుత లే. నాతోని మాట్లాడు."

అమ్మ నవ్వలేదు. స్టెతస్కోపు నా చెవులకు పెట్టి, రెండో కొసను తన గుండెకు ఆనించుకుంది.

"ఆయన ఎన్నడూ పండుకోడు బిడ్డా. అందుకే నేను పండుకుంటున్న. జెర సేపు ఆయన దగ్గర కూసో."

చెబుతూనే నిద్రలోకి జారిపోయింది. నేను ఒక్కదాన్నే వింటూ కూర్చున్నాను.

నన్ను ఆయనకు అప్పగించి పడుకుందని ఇప్పుడు తెలుస్తోంది. ఆయన ఉన్నాడన్న నమ్మకం ఆ గదిలోనే కుదిరింది, ఇన్నేళ్లలో ఒక్కనాడూ సడలలేదు. కానీ ఆ పూట నాకు కావలసింది అమ్మే.