ఇరవై రెండో నంబర్ జ్యూరర్

టెక్సస్‌లో ప్లేనోకి ఉత్తరాన ఉన్న కౌంటీ కోర్టులో ఒక క్రిమినల్ కేసుకి తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా నన్ను నియమించింది గత దశాబ్దం చివర్లో, ఎండలు ముదురుతున్న మే నెలలో. అప్పటికి ఆ పనిలో పదేళ్ళు దాటాయి. మావారి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెంట వచ్చి, డిపెండెంట్ వీసా మీద పనిచేసే వీల్లేక కొన్నేళ్ళు ఇంట్లో కూర్చున్నాను. గ్రీన్ కార్డ్ రాగానే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాను. తెలిసినవాళ్ళ పిల్లలు నన్ను ‘కోర్ట్ ఆంటీ’ అనేవారు. నేనేదో తీర్పులు చెప్పి వస్తుంటానని వాళ్ళ ఊహ. నిజానికి ఆ గదిలో సొంత మాట ఒక్కటి కూడా మాట్లాడకూడని మనిషిని నేనే.

మా పనికి నియమాలు కటువుగా ఉంటాయి. కోర్టులో వినిపించే ప్రతి మాటనీ నిందితుడి చెవిలో తెలుగులో చెప్పాలి. ఆయన అన్న ప్రతి మాటనీ ఇంగ్లీషులో చెప్పాలి, అదీ ‘ఆయన’ అని కాదు, ‘నేను’ అని. కలపకూడదు, తగ్గించకూడదు, సలహా ఇవ్వకూడదు. మనవాళ్ళకి ఇది మింగుడు పడదు. నన్ను చూడగానే నిందితుడు ప్రసాదరావు గారు, “మీదే ఊరమ్మా?” అన్నారు. ఆ ప్రశ్నని కూడా ఇంగ్లీషులోకి మార్చి పక్కనున్న ఆయన లాయరుకి చెప్పాను. లాయరమ్మ నవ్వింది. ఆయన మళ్ళీ అడగలేదు.

ఆయనకి యాభై దాటాయి, భీమవరం వైపు మనిషి. ఇక్కడి పౌరురాలైన చెల్లెలు పిటిషన్ పెడితే గ్రీన్ కార్డ్ మీద వచ్చి, ఒక గ్యాస్ స్టేషన్ స్టోర్‌లో కౌంటర్ దగ్గర పనిచేసేవారు. ఒక కస్టమర్‌తో మాటా మాటా పెరిగి, కౌంటర్ కింద ఉంచుకున్న బేస్‌బాల్ బ్యాట్‌తో అతన్ని కొట్టారు. అతని చెయ్యి విరిగింది. ప్రాణభయంతో కొట్టానని ఈయన వాదన. మారణాయుధంతో దాడి అని ప్రభుత్వ అభియోగం. రుజువైతే జైలు పడొచ్చు, ఆ తరవాత దేశం నుంచే పంపెయ్యొచ్చు.

మొదటి రోజు జ్యూరీ ఎంపిక. పిలిపించిన పౌరులు గ్యాలరీలో నంబర్ల వరసన కూర్చుంటారు. రెండు పక్షాల లాయర్లూ వాళ్ళని ప్రశ్నిస్తారు. నిష్పక్షపాతంగా ఉండలేమని తేలినవాళ్ళని జడ్జే పంపేస్తారు. మిగిలినవాళ్ళలో కొందరిని కారణం చెప్పకుండా తీసేసే హక్కు ఒక్కో పక్షానికీ ఉంటుంది. దాన్ని స్ట్రైక్ అంటారు. ఎవరినైనా తీసెయ్యొచ్చు గానీ, జాతిని బట్టి మాత్రం తీసెయ్యకూడదు. అలా చేశారని అవతలి పక్షం అభ్యంతరం చెబితే, అప్పుడు కారణం చెప్పుకోవాలి. ఆ కారణం నిజమైనదేనా, సాకా అన్నది జడ్జి తేలుస్తారు. ఈ పద్ధతి నాకు మొదట్నుంచీ వింతగానే ఉండేది. మనసులో ఏముందో ఎవరు చూడొచ్చారు?

ఆ రోజు గ్యాలరీలో భారతీయులు ఇద్దరే. ఒకాయన గుజరాతీ. రెండో ఆవిడ ఇరవై రెండో నంబర్. కోర్టులో నంబరే పేరు. నర్సుగా పనిచేస్తున్నాననీ, ఇంట్లో తెలుగే మాట్లాడతామనీ, తెలుగు చర్చికి వెళ్తాననీ చెప్పారు. ప్రాసిక్యూటర్ ఆవిణ్ణి ప్రత్యేకంగా ఒకటి అడిగాడు. నిందితుడి తెలుగు మీకు నేరుగా అర్థమైనా, ఇంటర్‌ప్రెటర్ చెప్పే ఇంగ్లీషునే సాక్ష్యంగా తీసుకుంటారా అని. తీసుకుంటానన్నారు. ఆ ప్రశ్నని తెలుగులో చెబుతూ నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్న మాట నిజం. నా తప్పు పట్టుకోగల మనిషి జ్యూరీలోకి వచ్చే అవకాశం అంతకు ముందెప్పుడూ రాలేదు.

తరవాత అందరినీ అడిగిన ప్రశ్నే ఆవిణ్ణీ అడిగాడు. సాక్ష్యాన్నీ, చట్టాన్నీ బట్టి మాత్రమే తీర్పు చెప్పగలరా? “గాడ్ విల్లింగ్, ఐ విల్” అన్నారావిడ. మన చర్చి మనుషులకి అది ఊతపదం లాంటిది. రేపు కూర పంపిస్తానన్నా ‘ప్రభువు చిత్తమైతే’ అని చేర్చందే పంపరు. నేను దాన్ని “దేవుడి దయుంటే చెబుతాను” అని ప్రసాదరావు గారి చెవిలో వేశాను.

మధ్యాహ్నం క్లర్క్ జ్యూరీకి మిగిలిన పన్నెండు నంబర్లు చదివింది. భారతీయులిద్దరూ అందులో లేరు. ఇద్దరినీ ప్రాసిక్యూటరే తీసేశాడు. ప్రసాదరావు గారి లాయరమ్మ లేచి అభ్యంతరం చెప్పింది. జడ్జి గ్యాలరీని బయటికి పంపించి కారణాలు చెప్పమన్నారు. గుజరాతీ ఆయన తమ్ముడి మీద తమ ఆఫీసే ఇంకో కేసు నడుపుతోందని ప్రాసిక్యూటర్ చెప్పాడు. జడ్జి ఒప్పుకున్నారు. ఇరవై రెండో నంబర్ ఆవిడ సూటిగా జవాబివ్వలేదనీ, నిర్ణయాన్ని దేవుడి మీదికి తోసేవాళ్ళు చివరికి ఊగిసలాడతారనీ అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది. జడ్జి తల పంకిస్తున్నారు. లాయరమ్మ ఏదో వెతుక్కుంటోంది.

అప్పుడు ప్రసాదరావు గారు నా వైపు వంగారు.

“అమ్మా, ఇందాకా ఒళ్ళో టోపీ ఎట్టుకున్న ఆ పెద్దాయన కూడా ఇదే మాటన్నాడు గదా, దేవుడి దయుంటే అని. మరాయన్నెందుకు ఉంచారండీ?”

నాకు గుర్తులేదు. ఇది మా పనిలో అందరికీ తెలిసిన సంగతే. మాట చెవిలో పడి నోట్లోంచి వెళ్ళిపోతుంది, మన దగ్గర ఆగదు. ఆయనన్నది నిజమో కాదో నాకు తెలియదు, తెలియనక్కర్లేదు. అన్నది అన్నట్టు లాయరమ్మకి చెప్పాను. ఆవిడ చేతిలో పెన్ను ఆగిపోయింది. తొమ్మిదో నంబర్ జవాబు చదివించమని కోర్టుని కోరింది.

స్టెనోగ్రాఫర్ రికార్డులో వెనక్కి వెళ్ళి చదివింది. తొమ్మిదో నంబర్ పశువుల ర్యాంచ్ నడిపి రిటైరైన తెల్లాయన. అదే ప్రశ్నకి “లార్డ్ విల్లింగ్, ఐ విల్ డూ మై బెస్ట్” అన్నాడు. ఆవిడ జవాబు కంటే అదే ఒక పిసరు మెత్తగా ఉంది. తేడా ఏమిటని జడ్జి అడిగారు. ఆవిడ చెప్పిన తీరులో తడబాటు ఉందన్నాడు ప్రాసిక్యూటర్. ఇద్దరి మాటా తానూ విన్నాననీ, తనకి ఏ తేడా వినిపించలేదనీ జడ్జి అన్నారు. స్ట్రైక్ కొట్టేసి, పన్నెండు మందిలో చివరివారిని పంపేసి, ఆవిణ్ణి జ్యూరీలో కూర్చోబెట్టారు.

ప్రాసిక్యూటర్ ద్వేషంతో చేశాడని నేననుకోను. తన కారణాన్ని తానే నమ్మాడేమో. నన్ను ఆలోచింపజేసింది అదే. పెద్దాయన నోట ఆ మాట టెక్సస్ మర్యాదలా వినబడింది, అందుకే ఎవరికీ గుర్తులేదు. ఆవిడ నోట తప్పించుకోవడంలా వినబడింది. ఇంగ్లీషు వచ్చిన వాళ్ళందరం మనిషిని చూస్తూ మాట విన్నాం. ప్రసాదరావు గారు మాత్రం ఇద్దరినీ నా ఒక్క గొంతులోనే విన్నారు.

విచారణలో ఆయన సాక్ష్యం చెప్పారు. ఆ కస్టమర్ తలుపు వైపు తిరిగాక రెండో దెబ్బ ఎందుకు వేశారని ప్రాసిక్యూటర్ అడిగాడు. ఆయన, “నిజం చెప్పాలంటేనండీ, రెండోది కోపంతో కొట్టాను” అన్నారు. ‘నేను కోపంతో కొట్టాను’ అని ఇంగ్లీషులో కోర్టుకి చెప్పాల్సింది నేను. చెప్పాను. ఇరవై రెండో నంబర్ ఆవిడ నన్ను చూడలేదు, ఆయన్నే చూస్తున్నారు.

దోషి అని తీర్పొచ్చింది. జ్యూరర్లని ఒక్కొక్కరినీ అడగమని లాయరమ్మ కోరింది. తీర్పు ఏకగ్రీవమేనని తేల్చుకోడానికి అలా అడిగించే వీలుంది. ఇది మీ తీర్పేనా అని జడ్జి వరసగా అడుగుతూ వచ్చారు. ఇరవై రెండో నంబర్ “యెస్” అన్నారు. “అవును” అన్నాను ఆయన చెవిలో.

ఆయన తల దించుకున్నారు. “ఆవిడ నా మాట నా నోటంట విన్నాకే అవునందమ్మా. పోన్లెండి” అన్నారు. అది కూడా లాయరమ్మకి ఇంగ్లీషులో చెప్పాను.

జైలు లేకుండా ప్రొబేషన్‌తో సరిపెట్టారు. దేశంలో ఉండనిచ్చారా లేదా అన్నది వేరే కోర్టు సంగతి, అక్కడికి నన్ను పిలవలేదు. ఆవిడ తనవాడి పక్షం వహిస్తుందనుకుని ప్రాసిక్యూటర్ తీసేసి ఉంటే, ఆ లెక్క తప్పింది. ఆయన్ని వదిలేస్తుందని మనవాళ్ళెవరైనా ఆశపడి ఉంటే, అదీ అంతే తప్పు. ఎవరు ఎటు తేలుస్తారో మొహం చూసి చెప్పలేం. తన మాట వినగలిగిన మనిషిని మొహం చూసి బయటికి పంపకూడదన్నది నిందితుడి హక్కు. తీర్పు ఎటు వస్తుందన్నది ఆ హక్కులో లేదు.