సుబ్బారావు ఐసు పెట్టె

నాగాయలంక సుబ్బారావు దగ్గర కొన్న చేప పాడైందన్నవాళ్ళు బందరులో ఒక్కరూ లేరు. పడవ ఒడ్డుకు రాగానే పండుగప్పలు కొని, ఐసు దట్టించి, ట్రాలీ ఆటోలో తెచ్చి అమ్మేవాడు. బేరం దగ్గర మాత్రం మొండిఘటం. "ముందు మొప్ప ఎత్తి చూడండి, తర్వాత నోరెత్తండి" అనేవాడు. తిట్టుకుంటూనే నేనూ అతని దగ్గరే కొనేదాన్ని.

ఆ ఆదివారం చేపలతో రాలేదు. నేను పనిచేసే ఆసుపత్రి ల్యాబుకి వచ్చాడు. సెలవురోజు మా మైక్రోబయాలజీ మూసే ఉంటుంది. అర్జెంటు శాంపిల్ వస్తే మమ్మల్ని ఇంటినుంచి పిలుస్తారు. అవనిగడ్డలోని ఒక నర్సింగ్ హోమ్ వాళ్ళు ఫోన్ చేశారట. సుబ్బారావు ఒక్కగానొక్క కూతురు సువర్ణకు మెదడువాపు జ్వరం, స్పృహ లేదు. వెన్నులోంచి నీరు తీసి తండ్రికిచ్చి పంపారు. ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో మేం తేల్చాలి. వెళ్ళి తాళం తీశాను.

సుబ్బారావు చేపల పెట్టె దించాడు. శుభ్రంగా కడిగి, కొత్త ఐసు పోసి, మధ్యలో కవరులో చుట్టిన సీసా పెట్టి తెచ్చాడు.

"చల్లపల్లిలో ఆగి మళ్ళీ ఐసేయించానండి. చుక్క కూడా పాడవలేదు" అన్నాడు.

సీసా ముట్టుకుంటే మంచుగడ్డలా ఉంది. ఈ నీటిని చల్లబెట్టకూడదు. ఆ జ్వరం తెచ్చే క్రిముల్లో కొన్ని చలికి చచ్చిపోతాయి. చచ్చినదాన్ని పెంచి, ఏ మందుకు లొంగుతుందో చూడలేం. ఆ మాట అతనికి ఎవరు చెప్పారు? "పాడవకుండా పట్టుకెళ్ళు" అని నర్సింగ్ హోమ్ వాళ్ళు చేతులు దులుపుకున్నారు. పాడవకుండా అంటే చేపలవాడు ఇంకేం చేస్తాడు? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"ఏమైందండీ?" అన్నాడు నా ముఖం చూసి.

"ఇది ఐసులో పెట్టకూడదు సుబ్బారావు గారూ. అయినా చూస్తాం."

అతను ఐసులో పెట్టిన చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడిపోయాడు.

ఏమీ పెరగలేదు. అప్పటికే మందులు ఎక్కించేశారు కనుక మళ్ళీ నీరు తీసినా ఫలితం రాలేదు. డాక్టర్లు అంచనా మీద మందులు మార్చి చూశారు. ఐసు వల్లేనని నేను ఒట్టేసి చెప్పలేను. వారం తిరక్కుండానే సువర్ణ పోయింది.

కబురు తెలిసి నాగాయలంక వెళ్ళాను. సువర్ణ మేనమామ వేటకెళ్ళి సముద్రం మీద ఉన్నాడు. పడవ మర్నాటికి గానీ రాదు. అతను చూడకుండా ఎత్తకూడదని పెద్దలు ఐసు దిమ్మలు తెప్పించారు. తల్లి పాపాయమ్మ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. సుబ్బారావు మాత్రం లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నా పిల్ల దగ్గరికి ఐసు తేవద్దు."

"తెల్లారేసరికి పాడైపోద్దిరా" అన్నాడు ఓ ముసలాయన, అతని భుజం పట్టుకుని.

"పాడైపోనీ మావయ్యా" అన్నాడు సుబ్బారావు.