పడవకు స్కూటర్ హ్యాండిల్

ఆ రోజుల్లో ఈ భూమ్మీద నేను బాగు చేయలేని యంత్రమంటూ లేదని నాకు గట్టి నమ్మకం. పాలిటెక్నిక్ ముగించి హనుమకొండలో ఒక స్కూటర్ల సర్వీస్ సెంటర్‌లో అప్పుడే చేరాను. ఒంటి మీద కంపెనీ చొక్కా, జేబులో స్పానర్. దారిలో ఎవరి బండి ఆగినా పిలవకముందే వెళ్లి ప్లగ్గు విప్పేదాన్ని. (సగం బండ్లలో పెట్రోలే ఉండేది కాదు. అయినా ప్లగ్గు తుడిచిన తృప్తి వేరు.) కొత్తగా పని నేర్చిన మనిషికి లోకమంతా తన కోసమే చెడిపోయి కూర్చున్నట్టు కనిపిస్తుంది. మా ఇంట్లో నిజంగానే ఒకటి చెడిపోయింది గానీ అది స్పానర్‌కు లొంగేది కాదు. మా బాపు కుడి భుజం.

మా ఊరు పాలంపేట వెళ్లే దారిలో ఉంటుంది. బాపుది చేపలు పట్టే పని. ఊరి చెరువులో చేపల సంఘం వాళ్లకు ఒక్కొక్కరికి వల వేసుకునే చోటు ఉంటుంది. బాపు చోటు అవతలి ఒడ్డున, గుట్ట కింద, లోతు నీళ్లలో. పడవలో తెడ్డేసుకుంటూ చెరువు దాటితేగానీ అక్కడికి చేరడం కుదరదు. ఆ ఏడు వానల్లో బాపు చెరువు కట్ట మీద జారిపడ్డాడు. దవాఖానలో కట్టు కట్టి పంపారు, కట్టు విప్పాక కూడా చెయ్యి చెవి దాకా లేవలేదు. సంఘం పెద్దను మేమంతా మీసాల పెద్దయ్య అనేవాళ్లం. ఆయన ఇంటికి వచ్చి, చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి అసలు మాట చెప్పాడు. "చలికాలం వలలు దిగే నాడు నువ్వు నీ చోటుకు పోయి వల వెయ్యాలె. లేకుంటే నేను ఆపలేను తమ్మీ. ఆ చోటు మీద నలుగురు కండ్లు పెట్టిన్రు." ఆయన వెళ్లగానే "తెడ్డు నేనేస్త బాపు" అన్నాను. బాపు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. "నిన్ను సదివిచ్చింది శాపల కంపు కొట్టనీకి గాదు. పడవ దిక్కు రావొద్దు నువ్వు" అన్నాడు. ఆయన కోపం నాకు కొత్త కాదు. కానీ ఆ రాత్రి అన్నం ముందు పెట్టుకుని కలుపుతూనే ఉన్నాడు, ఒక్క ముద్ద తినలేదు. నాకు భయం వేసింది.

తెడ్డు వద్దంటే మోటరు ఉండనే ఉంది కదా అనుకున్నాను. వరంగల్‌లో పాత ఇనుప సామాను దుకాణంలో, ఎక్కడో షికారు పడవకు వాడి పారేసిన మోటరొకటి తుప్పు పట్టి పడి ఉంది. పడవ వెనక తగిలించేది, తాడు చుట్టి లాగితే స్టార్టయ్యేది. దాన్ని చూపించింది టూస్ట్రోక్ చిచ్చా. చిచ్చా మా సెంటర్ పక్క సందులో పాత స్కూటర్ల మెకానిక్. ఆయన మెచ్చే టూస్ట్రోక్ స్కూటర్లు రోడ్ల మీద దాదాపు కనుమరుగయ్యాయి గానీ ఆయన నోరు మాత్రం ఫుల్ స్పీడ్‌లో ఉండేది. మోటరు తల విప్పి లోపలికి తొంగిచూసి, "అరే బేటా, ఇది మన స్కూటరే! నీళ్లల్ల పడ్డ స్కూటర్ అనుకో. ఫికర్ జేయకు" అన్నాడు. నేను ఫికర్ మానేశాను. మానేయకుండా ఉండాల్సింది.

ఇక ప్రతి ఆదివారం అదే పని. కార్బురేటర్ పోయిందంటే చిచ్చా ఒక స్కూటర్‌ది తెచ్చి బిగించాడు. దాని కింద పెట్టాల్సిన అట్టను ఎవరిదో పెళ్లి పత్రిక నుంచి కత్తిరించాను. (దాని మూల పసుపు బొట్టు కూడా ఉంది, శుభమనుకున్నాం.) ఇంజను చల్లబడడానికి నీళ్లు తోడే రబ్బరు రెక్క టైరు ముక్కలోంచి వచ్చింది. పట్టుకుని తిప్పే కర్ర విరిగి ఉంటే, దాని స్థానంలో స్కూటర్ హ్యాండిల్ సగం కోసి, యాక్సిలరేటర్‌తో సహా వెల్డింగ్ చేయించాం. మోటరును నీళ్ల డ్రమ్ముకు తగిలించి తాడు లాగితే, ఎన్నో ఆదివారాల దగ్గు తర్వాత ఒకనాడు నిజంగానే అందుకుంది. సందంతా పొగ. చిచ్చా నన్ను పట్టుకుని గంతులేశాడు. ఆపే బటన్ లేదని అప్పుడు గుర్తొచ్చింది. చిచ్చా కాలి చెప్పు తీసి ప్లగ్గు మీది క్యాప్‌ను ఒక్కటి కొట్టాడు. ఆగిపోయింది. "గదే బటన్" అన్నాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. పదిమంది ముందు తీసుకుపోయే మోటరు కంపెనీ సరుకులా కనపడాలని, నేను ఆయిల్ డబ్బా రేకుతో మూత చేసి, ఎర్ర రంగు వేసి, నాలుగు మూలలా స్క్రూలు బిగించాను. ప్లగ్గూ, పెట్రోలు ట్యాపూ ఆ మూత కిందే ఉండిపోయాయి.

వలలు దిగే రోజు పొద్దున్నే చెరువు కట్ట మీద సంఘమంతా ఉంది. మోటరు నడపడం నాకే తెలుసు కాబట్టి బాపు నన్ను పడవ ఎక్కనిచ్చాడు. లేకపోతే ఎక్కనిచ్చేవాడు కాదు. ఆయన ముందు కూర్చున్నాడు, ఒళ్లో వల. ఆ వల కొసను ఆయన వేళ్లు మెలిపెడుతూనే ఉన్నాయి. మీసాల పెద్దయ్య అప్పటికే తన వలలు దింపి, తేలడానికి కట్టిన కూల్‌డ్రింక్ సీసాల వరుస పక్కనే తన పడవలో కాపలా ఉన్నాడు. చిచ్చా ఒడ్డున నిలబడి "బిస్మిల్లా అని గుంజు బేటా!" అని అరిచాడు. తాడు లాగాను. ఏమీ లేదు. మళ్లీ లాగాను. కట్ట మీద ఎవరో నవ్వారు. బాపు వెనక్కి తిరిగి చూడలేదు, మెడ మాత్రం బిగుసుకుంది. మూడోసారి పళ్లు బిగబట్టి లాగితే ఇంజను ఒక్కసారిగా గర్జించి పడవ ముక్కు పైకి లేచింది.

యాక్సిలరేటర్ వెనక్కి తిప్పాను. వేగం తగ్గలేదు. నేను ముచ్చటపడి బిగించిన రేకు మూత కేబుల్‌ను నొక్కిపట్టింది. చెప్పుతో కొట్టి ఆపుదామంటే ప్లగ్గూ దాని కిందే. ఎదురుగా, కాస్త కుడి పక్కకు, పెద్దయ్య వలల సీసాలు వరుసగా మెరుస్తున్నాయి. నీళ్లలో తిరిగే మోటరు ఫ్యాను అందులో పడితే ఆయన వల ముక్కలు, బాపు చోటు గోవింద. ఎడమకు తప్పించాలని హ్యాండిల్ ఎడమకు తోశాను. పడవ నేరుగా సీసాల వైపే తిరిగింది. మోటరు వెనక ఉన్నప్పుడు హ్యాండిల్ ఎటు తోస్తే పడవ దానికి ఎదురు దిక్కున పోతుంది. పడవ తెలిసిన ఎవరికైనా ఇది తెలుసు. మేం నడిపింది డ్రమ్ములో, డ్రమ్ము ఎటూ పోదు. చేతిలో ఉన్నది స్కూటర్ హ్యాండిల్, అలవాటైన చెయ్యి ఇంకా గట్టిగా ఎడమకే తోసింది. పడవ ఇంకా గట్టిగా కుడికే తిరిగింది. ఒడ్డు నుంచి చిచ్చా గొంతు వినిపిస్తోంది: "క్లచ్ పట్టు బేటా! క్లచ్!" (లేని క్లచ్ కోసం ఎడమ చెయ్యి నిజంగానే గాల్లో వెతికిందని ఇన్నేళ్లకు చెప్పుకుంటున్నాను.) పెద్దయ్య లేచి నిలబడి "ఆపు! ఏ పోరీ, ఆపు!" అంటున్నాడు.

బాపు వల పక్కకు తోసి, పడవలో మోకాళ్ల మీద పాకుతూ నా దగ్గరికి వచ్చాడు. "ఇంజన్ ఆగకుంటే మానె, దాన్ని నీళ్లల్లకెల్లి లేపు!" అన్నాడు. మోటరు వెనక్కి వంగుతుందన్న సంగతే నేను మర్చిపోయాను. ఆయన ఎడమ చేత్తో, నేను రెండు చేతులతో కలిసి ఎత్తాం. ఫ్యాను నీళ్ల పైకి వచ్చి చెరువును ఎగజిమ్మింది. ఆ నీళ్లన్నీ మీసాల పెద్దయ్య మీద పడ్డాయి. పడవ జారుకుంటూ వెళ్లి సీసాల వరుసకు బెత్తెడు దూరంలో ఆగింది. నీళ్లు అందని ఇంజను కాసేపు కేకలు పెట్టి, కాలిన వాసన కొట్టి, కీచుమని పట్టేసింది. అది మళ్లీ తిరగదని ఆ చప్పుడులోనే తెలిసిపోయింది.

పెద్దయ్య మీసాల కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏదీ బయటికి రానివ్వలేదు. ఆయన ముఖం తుడుచుకుని, మోటరు వైపు చూసి, బాపు భుజం వైపు చూసి, చివరికి నా వైపు చూశాడు. "ఏమయ్యా, నీ భుజం పోయింది సరే. గా పోరికి రెండు భుజాలున్నయి గద. గవి దేనికి పెట్టుకున్నవు?"

"అది సదువుకున్న పిల్ల అన్నా" అన్నాడు బాపు.

"సదువుకుంటె భుజాలు ఊడిపోతయా? ఇంటి మనిషి తెడ్డేసినా నువ్వేసినట్టే. ఎప్పుడన్న వద్దన్ననా నేను?"

బాపు పడవ అడుగు నుంచి తెడ్డు తీసి నా ముందు పెట్టాడు. "పట్టు" అన్నాడు, ముఖం అటు తిప్పుకుని. పట్టాను. పడవ ఉన్నచోటనే గుండ్రంగా తిరిగింది. "నీళ్లను కొడతానవేంది, వెనక్కి తొయ్యి" అన్నాడు. తోశాను. గుట్ట కిందికి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది, నా అరచేతులు బొబ్బలెక్కాయి. బాపు ఒంటి చేత్తో వల దింపుతుంటే రెండో కొస నేను పట్టుకున్నాను.

ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలోనే అడిగింది, "మోటరేదీ?" అని. "మోటరు పోయింది" అన్నాడు బాపు, చెంబుతో కాళ్లు కడుక్కుంటూ. "పోరి పనికొచ్చింది." నా కొలువు గురించిగానీ, డిప్లొమా గురించిగానీ ఆయన ఏనాడూ అంత మంచి మాట అనలేదు.

ఇప్పుడు ఆ అమ్మాయిని తలచుకుంటే నవ్వొస్తుంది. రెండు మంచి భుజాలు పెట్టుకుని, ఇనుప సామానులో మూడో భుజం కోసం వెతికిన తెలివిమంతురాలు. ఆ రోజుల్లోకి వెళ్లి ఒక్క మాట చెప్పే వీలుంటే, మోటరు జోలికి పోకు, తెడ్డు లాక్కో అని చెప్తానా? చెప్పను. ఉత్త చేతులతో వెళ్తే బాపు నన్ను పడవ ఎక్కనిచ్చేవాడే కాదు.