ఉడుకు బ్లాకు మీద ఎర్రనీళ్లు

ఇయ్యాల కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి మోటర్ల పందెం. మా పటేల్ మోటరే ముందుగాల చేరింది. ఇంజన్ మీది మూత, హెడ్డు, అరగదీసి జోరు పెంచిన మిస్త్రీని నేనే. అంత జోరుకు బ్లాకు, అదే ఇంజన్ ఇనుప ఒళ్లు, పగుల్తదని పటేల్‌ను అందరు బెదిరిచ్చిన్రు. నేను ఇనుము మందం చూసే చెయ్యివెట్టిన. "బ్లాకుకు నాది జిమ్మ" అన్న. పగుల్లేదు.

బండి ఆగంగనే బానెట్ లేపిన. పటేల్ తల్లి దిష్టి తీసి, పసుపు సున్నం కలిపిన ఎర్రనీళ్లు సక్కగ ఆ ఉడుకు బ్లాకు మీదనే పొయ్యవోయింది. ఆమె చేతుల తాంబాళం నేను గట్టిగ పట్టుకున్న.

"అవ్వా, వద్దు. సల్లనీళ్లు పడితే పగుల్తది."

"ఇంత దూరం ఉరికినా పగులని ఇనుము, గిన్ని నీళ్లకు పగుల్తదా?"

"జోరు ఎంతైనా మోస్తది అవ్వా. ఒక్కసారే సల్లబడుడు మాత్రం దానితోని కాదు."

అవ్వ నన్ను కిందికెల్లి మీదిదాక చూసింది.

"అయితే ఈ దిష్టి నీదే" అని తాంబాళమంత నా నెత్తిమీద బోర్లిచ్చింది.

రేపు పొద్దుగాల ముంగటి హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే ఇంజన్ లేస్తది, అనుమానమే లేదు. నాకే అప్పటిసంది తుమ్ములు ఆగుతలేవు. మీ దిక్కు మోటరుకు దిష్టి తీస్తే నీళ్లు ఎవల మీద పోస్తరు?