డిమ్ లైటు చూసి పక్కకు జరిగిన పులి

అబద్ధం చెప్పడం వేరు, కోతలు కోయడం వేరు అని నేను చాలా ఏళ్లుగా వాదిస్తున్నాను. అబద్ధం చెప్పేవాడికి దానివల్ల ఏదో ఒకటి కావాలి. కోతలు కోసేవాడికి, వినేవాళ్ల టీ చల్లారిపోతే చాలు. బూర్గంపాడులో టీ హోటలు ముందు బల్ల మీద కూర్చుని నేను అలా చల్లార్చిన టీలు చాలానే ఉన్నాయి. నా పని బోరు మోటార్లు బాగుచేయడం. అడవి ఊళ్లన్నీ తిరుగుతాను కాబట్టి సరుకుకు కొదవ లేదు. ఒకసారి మోటారు విప్పితే లోపల బతికున్న కొర్రమీను కనిపించిందని, ఇందులోకి ఎట్లా వచ్చావని అడిగితే సిగ్గుపడి మొహం తిప్పుకుందని చెప్పి రెండేళ్లు నడిపించాను.

పులి కథ కూడా అలాంటిదే. ఎండలు ముదిరి, బీడీలు చుట్టే తునికాకు కోతకు వచ్చిన రోజుల్లో చెప్పాను.

"పొద్దుగూకే యాళ్ల వాగు మూల మీద నిలవడ్డది. హారన్ కొట్టిన, జరగలే. పాపం, కండ్లల్ల లైటు పడుతుందేమో అని డిమ్ కొట్టిన. పక్కకు జరిగి దారిచ్చింది. మన లారీ డ్రైవర్లకు లేని మర్యాద దానికున్నది."

అందరూ నవ్వారు. నిజానికి ఆ మూల మీద నాకు అడ్డొచ్చింది ఒక ఎర్ర లేగదూడ.

మూడో రోజుకు ఆ కథ ఫోన్లో తిరిగి నా దగ్గరికే వచ్చింది. డిమ్ లైటు లేదు, లారీ డ్రైవర్లు లేరు. నవ్వొచ్చే చోట్లన్నీ దారిలో రాలిపోయి భయమొక్కటే మిగిలింది. కింద పులి ఫొటో. పులి వెనక మోకాలి లోతు మంచు. బయట తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది, అయినా ఆ మంచు సంగతి ఎవరికీ పట్టలేదు.

సాయంత్రానికి పులి టీవీలోకి ఎక్కింది. పోడు భూములు ఖాళీ చేయించడానికి సర్కారే పులిని తెచ్చి వదిలిందని ఒక చానల్ చెప్పింది. సర్కారు అడవిని కాపాడబట్టే పులి తిరిగొచ్చిందని ఇంకో చానల్ చెప్పింది. మర్నాడు ఒక పేపర్లో రెండు పులులు వచ్చాయి. రెండోది ఏ పార్టీదో రాయలేదు. పులి ఎవరి పుణ్యం, ఎవరి పాపం అని గంటలకొద్దీ కొట్లాడుకున్నారు గాని, అసలు పులి ఉందా అని ఒక్కరూ అడగలేదు. చూసి చూసి నాకే అనుమానం వచ్చింది. నిజంగానే వచ్చిందేమో అనుకుని ఆ రెండు రోజులు వాగు దారి మానేసి చుట్టు తిరిగి వెళ్లాను.

ఇక్కడ మేం నవ్వుకుంటుంటే, వాగు అవతల ఒక కోయగూడెంలో ఆడవాళ్లు ఆకుకు పోవడం మానేశారట. తునికాకును లేతగా ఉన్న ఆ పదిహేను రోజుల్లోనే తెంపాలి. ముదిరితే, ఆకు కొనే కల్లం దగ్గర తీసుకోరు. వాళ్ల వానాకాలం విత్తనాలు, పిల్లల బడి బట్టలు ఆ పదిహేను రోజుల్లోనే ఉంటాయి. అప్పటికి నాకు ఇదేమీ తెలియదు.

టీవీలో పులి కనిపించిన మూడో రోజు ఆ గూడెం నుంచి ఒకామె నడుచుకుంటూ హోటలు ముందుకొచ్చింది. యాభై ఏళ్లుంటాయి. నెల కిందట వాళ్ల మంచినీళ్ల మోటారు బాగుచేసినప్పుడు పరిచయం. తప్పిపోయిన మేకను అడుగులు పట్టుకుని వెతికినట్టు ఆమె ఆ వార్తను వెనక్కి పట్టుకుంటూ వచ్చింది. మొదట ఫోన్ చూపించిన అక్క కొడుకును అడిగింది: నువ్వు చూసినవా? లేదు, పాల ఆటో అతను పంపాడు. పాల ఆటో అతను చూడలేదు, దర్జీ చెప్పాడు. దర్జీ చూడలేదు. మధ్యలో అటవీశాఖ ఉద్యోగి ఒకాయన్ని కూడా అడిగిందట. ఆయన టీవీలో చూశానన్నాడు. ఆ టీవీ ఏమో అటవీశాఖ ఉద్యోగులు చెప్పారని చెబుతోంది. ఆమె ఆ సుడిలో ఆగకుండా మళ్లీ దర్జీ దగ్గరికి పోయి, నీకెవరు చెప్పారని అడిగింది. దర్జీ మా బల్ల వైపు చూపించాడు.

"పులిని చూసింది నువ్వేనంట గదా అన్నా," అంది.

హోటలు నిండా జనం. "అవ్ అక్కా, నేనే," అన్నాను.

"ఏడ?"

"వాగు మూల మీద. డిమ్ కొడితే పక్కకు జరిగింది."

ఆమె నా బండి వైపు చూసింది. "మా మోటారు బాగుజేసిన్నాడు, బండికి లైటు లేదు, జల్దీ పోవాలె అంటివి. లైటు ఎప్పుడు ఏయించినవ్?"

నేను నోరు తెరిచేలోపే హోటలాయన అందుకున్నాడు. "ఇంకా ఏయించలే అక్కా. నిన్న గూడ నా బండి లైటు పట్టుకోనే ఎనక ఎనక వచ్చిండు."

హోటలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. కోపగించుకోనూ లేదు.

"అది కత అక్కా. ఊకె చెప్పిన."

"కత మంచిగనే ఉంది. మూడు దినాలసంది మా గూడెంల ఒక్కరు ఆకుకు పోలే."

టీ గ్లాసు పక్కన పెట్టాను. "పులి లేదని గ్రూపుల వాయిస్ పెడ్త," అన్నాను.

"నువ్వు పెడితే నమ్ముతరా?"

నేను హోటలాయన వైపు చూశాను. ఎన్నో ఏళ్ల స్నేహితుడు, తల అడ్డంగా ఊపాడు.

"రేపు తెల్లారంగ మాతోని రా. ముందుగాల నువ్వు నడువు," అంది.

నడిచాను. వెలుతురు వస్తుండగా ముందు నేను, వెనక సంచులు పట్టుకుని పదిహేను మంది ఆడవాళ్లు. వాళ్లు కోయ భాషలో మాట్లాడుకుని నవ్వుకుంటున్నారు. నాకు సగమే అర్థమైంది, ఆ సగమూ నా గురించే. ఒక ముసలమ్మ నా కోసం తెలుగులో అంది: "పులొస్తే డిమ్ కొట్టు నాయినా, మేము పక్కకు జరుగుతం."

వాగు మడుగు దగ్గర ఆమె అందరినీ ఆపింది. తడి మట్టి మీద వంగి ఒక్కో అడుగూ చూసింది. ఇది పంది. ఇది కణితి దుప్పి. ఇది మనోళ్ల కుక్క. మూల మీద ఒకచోట మోకాళ్ల మీద కూర్చుని నా వైపు చూసింది. "ఇది దూడ," అంది. తర్వాత ఒంటరిగా గుట్ట దాకా పోయి, చాలాసేపటికి తిరిగొచ్చింది.

"ఈ మడుగు కాడికెళ్లి గా గుట్ట దాక పులి అడుగు లేదు. నేను చూసిన. గుట్ట అవతల నేను చూడలే. అటు పోకుండ్రి."

ఇన్నేళ్లు పేపర్లు చదివాను, టీవీలు చూశాను. నేను ఇక్కడిదాకే చూశాను, ఆ పైన నాకు తెలియదు అని చెప్పినవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు. నేనైతే ఆ మాట జన్మలో అనలేదు. పులి లేదని నేను దారిపొడవునా చెబుతూనే ఉన్నా, నా మాటకు ఒక్కరూ సంచి విప్పలేదు. ఆమె చెప్పగానే పదిహేను సంచులూ విచ్చుకున్నాయి.

నేనూ తెంపాను. ఎన్నో మొక్కల మీద ఆకు అప్పటికే ముదిరింది. ఆమె వేళ్లతో నలిపి చూసి, పెళుసుగా ఉన్నవాటిని వదిలేసి ముందుకు పోతోంది. వదిలేసినవి లెక్కపెట్టవద్దనుకుంటూనే చూశాను.

మధ్యాహ్నం పందిరి కింద కట్టలు కడుతూ ఆ కథను మొదటి నుంచీ చెప్పమన్నారు. చెప్పాను. డిమ్ లైటు దగ్గర ఆమె కూడా నవ్వింది. నవ్వాక అంది: "ఇగ నుంచి నోరు తెరవకముందే చెప్పు అన్నా, కతనో కబురో." అప్పటి నుంచి ఆ గూడెంలో అడుగుపెడితే చాలు, పలకరింపు కంటే ముందు ఆ ప్రశ్నే ఎదురొస్తుంది.

ఆకు ఆఖరి రోజు సాయం చేద్దామని మళ్లీ పోయాను. పులి పేరుతో పోయిన మూడు రోజులు తిరిగి రాలేదు గాని, మిగిలిన ఆకంతా వాళ్లు కల్లానికి చేర్చారు. కట్టలు కడుతుంటే నా ఫోన్ మోగింది. సర్కారు చర్యలతో పులి వెనక్కి వెళ్లిపోయిందని ఒక చానల్. తమ పోరాటానికి భయపడి సర్కారే పులిని వెనక్కి తీసుకుపోయిందని ఇంకో చానల్. రెండూ ఆమెకు చదివి వినిపించాను.

"కతనా, కబురా?"

"టీవీ కబురే అక్కా."

ఆమె నేను కట్టిన కట్ట ఒకటి చేతిలోకి తీసుకుంది. "అది పోంగ ఎవరు చూసిండ్రంట?" అంటూ నార విప్పి, నడుమ నుంచి రెండు ముదురాకులు లాగి పక్కన పడేసి, రెండు లేతవి పెట్టి మళ్లీ కట్టింది.