సీలు వేసే మోంజీ

స్ఫాక్స్ అనే రేవు పట్టణం మునిసిపాలిటీలో సెల్ టవర్ల మీద ఫిర్యాదులు చూసే మోంజీకి మేడలెక్కి ఎక్కి మోకాళ్లు అరిగిపోయాయి. పైకి చేరగానే టోపీ తీసి విసురుకుంటూ ముందు సముద్రం వైపు చూస్తాడు. టవరు వైపు ఆ తర్వాతే. ఇళ్లకు మరీ దగ్గరగా ఉంటే కరెంటు ఆపి, మీట ఉన్న పెట్టెకు తీగ చుట్టి సీలు వేస్తాడు. కొన్నాళ్లకు సీలు తీసెయ్యమని రాజధాని నుంచి ఫోను వస్తుంది. తనే వెళ్లి తెంపుతాడు. జనం తిడితే తలొంచుకుని వింటాడు.

మన్నూబియా అనే ముసలామె భర్త మంచాన పడ్డాడు. పక్కమేడ మీది టవరు యంత్రాల హోరుకు అతనికి కునుకు పట్టేది కాదు. సీలు పడిన రోజు ఆ ముసలామె మోంజీ నుదురు ముద్దాడి, ఆలివ్ నూనెతో రొట్టె పెట్టింది. వారం తిరక్కుండానే మోంజీ కటింగ్ ప్లయరుతో వచ్చాడు. ఆమె తన మేడ పిట్టగోడ దగ్గరికి వచ్చింది.

“నువ్వు కట్టిందే కదా బిడ్డా?”

“నేనే అత్తా. పైవాళ్లు తీసెయ్యమన్నారు. నా చేతుల్లో ఏముంది చెప్పు?”

“ఇన్నాళ్లకు కంటినిండా నిద్రపోతున్నాడు. ఇంకెప్పుడూ మా కోసం సీలు వెయ్యకయ్యా. నిద్ర రుచి మరిచిపోయి ఉన్నప్పుడే నయం.”

అరిచినా బాగుండేది అనిపించింది మోంజీకి. తీగ కత్తిరించి మీట వేశాడు. హోరు మొదలైంది. లోపల ముసలాయన మేలుకుని ఆమెను పిలిచాడు.